స్టూలు ఆదివారం

లాండ్రీ వెనక గది,
సోమవారం మధ్యాహ్నం

తమ్ముడికి,

ప్రభువు పేరిట వందనాలు. కోపంలో ఉన్నా వందనాలు వందనాలే కాబట్టి ముందు అవి తీసుకో, తిట్లు తర్వాత తీసుకుందువు గాని.

నిన్న ఫోనులో "లిఫ్ట్ గొయ్యిలో ఉన్నానక్కా, సిగ్నల్ లేదు" అని పెట్టేశావు. ఆదివారం పూట ఏ లిఫ్ట్ గొయ్యిలో ఉన్నావురా? సిగ్నల్ లేనివాడికి సిగ్నల్ లేదని చెప్పడానికి మాత్రం సిగ్నల్ దొరికిందా? మనిద్దరం ఫోనులో మొదలుపెడితే ఎవరో ఒకరు టక్కున పెట్టేస్తారని అమ్మ ఉన్నప్పుడే తీర్పు చెప్పింది, "మీ పోట్లాటలు కాగితం మీద పెట్టుకోండి, మధ్యలో అడ్డం పడటానికి కుదరదు" అని. అందుకే కాగితం తీశాను. ఇప్పుడు అడ్డం పడు చూద్దాం.

పిచ్చుకకి నాలుగేళ్లు నిండాయి. నేను దానికి మేనత్తని. మన సంఘానికి ఉన్న చర్చిలన్నిటిలో సండే స్కూల్ టీచర్లకి పాఠం ఎలా చెప్పాలో నేర్పేదాన్ని. నా సొంత మేనకోడలు మాత్రం ఇంకా వాళ్లమ్మ ఒళ్లో కూర్చుని పాటల పుస్తకం మూల నములుతోంది. మొన్న టీచర్ల మీటింగుకి మీ ఊరి గంట టీచరు వచ్చింది. అదే, చేతి గంట లేకుండా కాలు బయట పెట్టదు చూడు, ఆవిడ. అందరి ముందూ అడిగింది, "మీ తమ్ముడి గారి పాప ఇంకా క్లాసుకి రావట్లేదండీ, ఏమైనా ఇబ్బందా?" అని. "ఇబ్బందేం లేదు, మావాడికి బద్ధకం" అన్నాను. తప్పన్నానా?

పిల్లలకి దేవుడి పాఠం ఏ వయసులో మొదలుపెట్టాలా అని పాస్టర్లు తలలు బద్దలు కొట్టుకుంటుంటే, వయసు లెక్క వద్దు, తన పేరు తాను చెప్పగలిగిన రోజే మొదలు అని తేల్చింది నేను. స్టూలు ఆదివారం పెట్టింది అందుకే. పిల్లని అందరి ముందూ చిన్న స్టూలు ఎక్కిస్తాం. తల్లి అందించకుండా, టీచరు అందించకుండా తన పేరు తాను గట్టిగా చెప్పాలి. చెప్పగానే చప్పట్లు. ఆ క్షణం నుంచి క్లాసు పిల్ల. మూడేళ్ల వాళ్లు కూడా చెప్పేశారు. ఒకడైతే తన పేరుతో పాటు వాళ్ల నాన్న గురక పెడతాడని కూడా చెప్పి దిగాడు.

లాండ్రీలో బతికేదాన్ని కాబట్టి నాకు తెలిసిందే చెబుతాను. మరక పడిన రోజే నీళ్లు తగిలితే పోతుంది. ఆగితే సబ్బు అడుగుతుంది. ఇంకా ఆగితే గుడ్డే పోతుంది. మొక్కై వంగనిది మానై వంగునా?

తేదీ రాయి. నేను గంట టీచరుకి చెబుతాను.

నీ అక్క


మెషీన్ గది, పదో అంతస్తు పైన,
గురువారం

అక్కకి,

నా కూతురు మరకా?

చదవగానే నీ మరదలికి వినిపించాను. "మీ అక్క గారికి పిల్లలంటే ఎంత ప్రేమో" అంది. ఆ గొంతు నీకు తెలుసుగా, ఆ గొంతుతో.

నాది బద్ధకం కాదు, ఆలోచన. పిల్లకి ఏడేళ్లు రానీ అంటున్నాను. ఏడేళ్లొస్తే ఎందుకు అని అడగడం వస్తుంది, మనం చెప్పేది నచ్చకపోతే నచ్చలేదనడం వస్తుంది. నాలుగేళ్ల పిల్లకి నువ్వేం చెప్పినా నమ్ముతుంది. అంత తేలిగ్గా నమ్మేవాళ్లకి చెప్పేటప్పుడు చెప్పేవాడికే భయం ఉండాలి. నన్ను మూడేళ్లకే కూర్చోబెట్టారుగా, ఏం నేర్చుకున్నాను? జలప్రళయంలో ఓడ కథ చెప్పిన రోజు, ఓడ ఎక్కలేకపోయిన కుందేళ్ల సంగతేంటని వారం రోజులు ఏడ్చాను. గుర్తుందా? నువ్వే నా నోరు నొక్కి, "అవి ఈదుకుంటూ వచ్చాయి, పడుకో" అన్నావు.

నా పనిలో రోజూ చూస్తాను. కింద నిలబడి బటన్ నొక్కుతూనే ఉంటారు. ఎన్నిసార్లు నొక్కినా లిఫ్ట్ దాని వేళకే వస్తుంది. గట్టిగా నొక్కినవాళ్ల వల్ల బటన్ పాడవుతుంది, అది మార్చడానికి మళ్లీ నేనే వెళ్లాలి.

బావ గారిని అడిగానని చెప్పు. ఆయనైనా నీ మాటకి ఎదురు చెబితే నాకో కార్డు ముక్క రాయమను, దాచుకుంటాను.

తమ్ముడు


లాండ్రీ, ఇస్త్రీ బల్ల పక్కన,
మంగళవారం

తమ్ముడికి,

వందనాలు. చూశావా, ఇప్పటికీ ముందు అవే.

ఏడేళ్లట, ఏడేళ్లు! పిల్లకి నడక ఎప్పుడు నేర్పావు? ఎటు నడవాలో తనే తేల్చుకునేదాకా ఆగావా? పళ్లు తోమడం ఎప్పుడు నేర్పావు? "అమ్మా, నీకు దంతాల మీద సొంత అభిప్రాయం ఏర్పడ్డాక చూద్దాం" అన్నావా? అన్నిటికీ తొందరే, దేవుడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం స్వేచ్ఛ గుర్తొస్తుంది. నీతో మాట్లాడటం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే.

బావ నా మాటకి ఎదురు చెప్పలేదు. నీ ఉత్తరం చదివి నవ్వాడు. ఎందుకు నవ్వావని అడిగితే కుందేళ్లకి నవ్వానన్నాడు. ఇంట్లోనే ఉన్నారు నాకు శత్రువులు.

ఒక్కటి అడుగుతాను, సూటిగా చెప్పు. పిచ్చుక ఫోనులో నాతో ఎంత గలగలా మాట్లాడుతుందో నాకు తెలియదా? "అత్తా, నీ లాండ్రీలో ఎవరైనా బట్టల్లోపల ఉండిపోయారా?" అని అడిగింది మొన్న. నవ్వలేక కుర్చీ పట్టుకున్నాను. అంత నోరున్న పిల్లకి స్టూలు ఎక్కి తన పేరు చెప్పడం ఒక లెక్కా? పేరు ఒక్కటే కాదు, ఇంటి గుట్టంతా చెప్పేసి దిగుతుంది. బహుశా నీ భయం అదేనేమో.

ఇంకో వారం చూస్తాను. నువ్వు తేల్చకపోతే నేను తేలుస్తాను.

అక్క


మా వంటగది బల్ల,
ఆదివారం సాయంత్రం

అక్కకి,

ఇంకా బాగా ఆలోచించాను. ఏడేళ్లు కూడా తక్కువే. పన్నెండు. పన్నెండేళ్లకి తనంతట తాను వెళ్తానంటే నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాను. లేదంటే లేదు.

"మొన్న ఏడు, నేడు పన్నెండు, రేపు పెళ్లయ్యాక అంటావా" అని నువ్వు రాస్తావని తెలుసు, కాబట్టి ఆ లైను రాయకు, కాగితం దండగ.

మేం చర్చి మానలేదు. ప్రతి వారం వెళ్తున్నాం, మూడో బెంచీ, గోడ పక్కన. పిల్ల మా మధ్య కూర్చుంటుంది, పాటలకి కాళ్లు ఊపుతుంది. ఇంటికొచ్చాక స్నానం చేస్తూ ఆ పాటలన్నీ పాడుతుంది, మాటలు సగం సొంతవి. ఇది చాలదా? దేవుడు ఒళ్లో కూర్చున్న పిల్లల్ని లెక్కలోకి తీసుకోడా?

ఫోనులో నువ్వు విన్న పిచ్చుక వేరు, అక్కా. ఇంట్లో

ఇక్కడ రెండు లైన్లు కొట్టేశాను. చదవడానికి ప్రయత్నించకు. ఈ వారం మూడు లిఫ్టులు ఆగిపోయాయి, నిద్ర లేదు, ఏదేదో రాస్తున్నాను.

ఈ సంగతి ఇక్కడితో వదిలెయ్. నా మాట విను, ఒక్కసారి. నీ జన్మలో ఒక్కసారి.

తమ్ముడు


లాండ్రీ,
బుధవారం

తమ్ముడికి,

వందనాలు.

సరే, అలాగే. నీ పిల్ల, నీ ఇష్టం. నేను ఇంకేం అనను.

నిద్రపో బాగా. నీ మరదలు అని నువ్వు రాస్తావే గాని, ఆ పిల్ల కూడా కళ్లజోళ్ల దుకాణంలో రోజంతా నిలబడి వస్తుంది, ఇంట్లో కాస్త సాయం చెయ్యి. ఆ రెండు లైన్లు కిటికీ వెలుగుకి పట్టుకుని చూశాను, ఏమీ కనపడలేదు. ఇంత నల్లగా ఎవరైనా కొట్టేస్తారా?

వచ్చే ఆదివారం పిచ్చుకకి నేను పంపిన పసుపు గౌను వేయండి. ఊరికే. బాగుంటుందని.

అక్క


వర్క్‌షాపు,
సోమవారం

అక్కా,

వందనాలు లేవు ఈసారి.

నువ్వు గంట టీచరుకి ఉత్తరం రాశావట. "తండ్రి బద్ధకస్తుడు, తల్లి మెతక, మీరే చొరవ తీసుకోండి, వాళ్లకి ముందే చెప్పకండి, చెబితే రారు" అని. ఆవిడే చూపించింది. తప్పంతా తనది కాదని చూపించడానికి.

ఏం జరిగిందో చెబుతాను. పాట అయిపోయింది. గంట మోగింది. "ఈ రోజు మనకి ప్రత్యేకమైన పాప, మన సండే స్కూల్ పెద్దక్క గారి మేనకోడలు" అంటూ ఆవిడ నేరుగా మా బెంచీకి వచ్చింది. నాకు అర్థమయ్యేలోపే పిల్లని నా పక్కనుంచి ఎత్తుకుపోయి స్టూలు మీద నిలబెట్టింది.

"నీ పేరేంటమ్మా?"

పిచ్చుక మాట్లాడలేదు.

"సిగ్గేంటి బంగారం, గట్టిగా చెప్పాలి."

మాట్లాడలేదు. వెనక నుంచి ఎవరో పెద్దాయన, "పెద్దక్క మేనకోడలికి నోరు లేకపోవడమేంటి!" అన్నాడు. అందరూ నవ్వారు. ప్రేమగానే నవ్వారు, నాకు ఒళ్లు మండుతున్నది అందుకే. ధైర్యం చెప్పడానికి చప్పట్లు మొదలుపెట్టారు. అంతమంది చప్పట్లకి పిల్ల రెండు చెవులూ మూసుకుంది. నీ పసుపు గౌను తడిసింది. స్టూలు తడిసి కిందికి కారింది. గంట టీచరు ఇంకా అడుగుతూనే ఉంది. మూడుసార్లు అడగాలని నువ్వే నేర్పావటగా.

పిల్ల నా వైపే చూస్తోంది. నేను లేవలేదక్కా. ఇరవై అంతస్తుల గొయ్యిలో తాడు పట్టుకుని దిగేవాణ్ని, మూడో బెంచీ నుంచి లేవలేకపోయాను. అందరూ చూస్తున్నారని. నీ మరదలే వెళ్లి తన స్వెటర్ చుట్టి ఎత్తుకొచ్చింది.

ఇప్పుడు విను, ఇంక దాచడానికి ఏం మిగల్లేదు. పిచ్చుక మా గడప దాటితే మాట్లాడదు. ఎప్పుడూ మాట్లాడలేదు. బడిలో ఒక్క మాట లేదు. పక్కింటివాళ్లు దానికి మాటలు రావనే అనుకుంటున్నారు. చెవుడు లేదు, మొండితనం లేదు. ఇంట్లో ఆ నాలుక ఆగదు, బయట కాలు పెట్టగానే గొంతుకి తాళం పడిపోతుంది. అది భయం, అక్కా. డాక్టరమ్మకి చూపిస్తున్నాం. బలవంతం చేస్తే ఉన్న మాట కూడా పోతుందని ఆవిడ మొదటిరోజే చెప్పింది.

నీకెందుకు చెప్పలేదంటావా? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని. నీకు చెబితే ప్రేమతోనే అన్ని చర్చిల ప్రార్థనల్లో పెట్టిస్తావు. ప్రతి ఆదివారం ఎవరో ఒకరు వచ్చి, "పాప మాట్లాడిందా?" అని అడుగుతారు. ఏడేళ్లు, పన్నెండేళ్లు, స్వేచ్ఛ, అభిప్రాయం, అంతా గాడిద గుడ్డు. నాకు ఏ వయసు మీదా ఏ సిద్ధాంతమూ లేదు. దాన్ని ఆ స్టూలు ఎక్కనివ్వకూడదు, అంతే.

నిన్నటి నుంచి పిచ్చుక ఇంట్లో కూడా మాట్లాడటం లేదు.

తమ్ముడు


లాండ్రీ వెనక గది,
గురువారం

తమ్ముడికి,

నీ ఉత్తరం ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి చదివాను. చదవడం అయ్యేసరికి ఎవరిదో చొక్కా కాలిపోయింది.

తప్పు నాది. ఇది రాసి, తర్వాత "కానీ" అని మొదలుపెట్టి, ఆ కాగితం చించి మళ్లీ రాస్తున్నాను. బావ తలుపు దగ్గర నిలబడి, "ఈసారి కానీ లేకుండా రాయి" అన్నాడు. లేకుండానే రాస్తున్నాను. తప్పు నాది. నా మేనకోడల్ని నేనే అందరి ముందూ నిలబెట్టి నోరు మూయించాను. పసుపు గౌను కూడా నేనే వేయించాను. తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

ఇప్పుడు బావ వెళ్లిపోయాడు కాబట్టి రాస్తాను. కానీ ఒరేయ్! నాకు చెప్పకపోవడమేంట్రా? నీ బూట్ల లేసులు కట్టినదాన్ని, నీ కుందేళ్లని ఈదించినదాన్ని. ప్రార్థనల్లో పెట్టిస్తానని భయమా? పెట్టిస్తాను. పెట్టించేదాన్నే. అది నిజమే. అందుకే నాకు ఇంకా మంటగా ఉంది, నువ్వు అన్నదాంట్లో అబద్ధం దొరకడం లేదు.

నన్ను రమ్మంటే రేపే బయల్దేరతాను. వద్దంటే రాను. పిచ్చుక చెవి దగ్గర ఫోను పెట్టు, నేను లాండ్రీ కబుర్లు చెబుతాను, అది మాట్లాడక్కర్లేదు. నా మరదలికి ఏం చెప్పాలో తెలియడం లేదు. నాకు మాట తోచకపోవడం నువ్వెప్పుడైనా చూశావా?

అక్క


మా వంటగది బల్ల,
మూడు వారాల తర్వాత, శనివారం

అక్కకి,

ఆలస్యమైంది. రాయడానికి మంచి కబురు ఏదైనా దొరుకుతుందేమోనని ఆగాను.

నువ్వు ఫోను చేసినప్పుడల్లా దాని చెవి దగ్గర పెడుతున్నాను. వింటుంది. అయిపోగానే ఫోను నా చేతిలో పెట్టి వెళ్లిపోతుంది. బట్టల మూటలో పిల్లి దొరికిన కథ మళ్లీ చెప్పకు, అది నీ కల్పన అని దానికి తెలిసిపోయినట్టుంది.

డాక్టరమ్మ కొత్త నియమం పెట్టింది. పిల్లని ఒక్క ప్రశ్న కూడా అడక్కూడదు. చెప్పుకో చూద్దాం, నాలుగేళ్ల పిల్ల ఉన్న ఇంట్లో ప్రశ్న లేకుండా పూట గడుస్తుందా? "ఆకలేస్తోందా?" అనకూడదు. గోడ వైపు చూసి, "బల్ల మీద బిస్కెట్లు ఉన్నాయి" అనాలి. "ఎందుకు ఏడుస్తున్నావు?" అనకూడదు. "ఇక్కడ రుమాలు ఉంది" అనాలి. నేనూ నీ మరదలూ రోజంతా గోడలకి సమాచారం అందిస్తున్నాం. నిన్న ఆవిడ నన్ను కూడా ఏమీ అడగలేదు, "కరెంటు బిల్లు కట్టలేదు" అని తలుపుకి చెప్పింది.

గంట టీచరు వచ్చింది, గంట లేకుండా. గుమ్మంలో నిలబడి ఏడ్చింది. నీ మరదలు టీ ఇచ్చింది గాని లోపలికి రమ్మనలేదు. ఆవిడ వెళ్లాక నాతో అంది, "మీ అక్కా తమ్ముళ్లిద్దరూ జీవితమంతా మాట్లాడీ మాట్లాడీ, చివరికి నా పిల్ల వాటా మాటలు కూడా మీరే వాడేశారు. ఒకరు వద్దన్నా మాట్లాడతారు, ఇంకొకరు లేవాల్సినప్పుడు కూర్చుంటారు."

ఇంక ఏ వయసు అన్న మాటే లేదక్కా. ఏడూ లేదు, పన్నెండూ లేదు. ఆ చర్చి గుమ్మం జన్మలో తొక్కనంటోంది నీ మరదలు. ఆదివారాలు ఇంట్లోనే ఉంటున్నాం. పిల్ల స్నానం చేస్తుంటే తలుపు బయట నిలబడి వింటాను. నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ సగం సొంత పాటలు ఇంక వినపడవేమోనని నాకు భయంగా ఉంది. ఈ మాట నీ మరదలితో అనలేదు, నీకే రాస్తున్నాను.

తమ్ముడు


లాండ్రీ,
మంగళవారం

తమ్ముడికి,

వందనాలు.

మూటలో పిల్లి నిజంగానే దొరికింది. సర్లే, వదిలెయ్.

నిన్న సంఘం కమిటీ ముందు నిలబడ్డాను. స్టూలు ఆదివారం తీసేయండి, పిల్లలు ఎప్పుడొస్తే అప్పుడు రానివ్వండి, నోరు విప్పినా విప్పకపోయినా, అన్నాను. అయిపోతుందనుకున్నాను. పెట్టిందే నేను, తీసేయమంటున్నదీ నేను, మధ్యలో వీళ్లెవరు?

అందరూ నా మీద పడ్డారు. ఎవరి మాటలతో అనుకున్నావు? నా మాటలతోనే. నేను నేర్పినవన్నీ నాకే అప్పజెప్పారు. "పేరు చెప్పడమంటే దేవుడికి నేనొచ్చానని చెప్పడం" అంది ఒకావిడ. అది నా వాక్యం. "ఒక్క పిల్ల భయపడిందని పద్ధతి మార్చేస్తామా?" అన్నాడు ఇంకొకాయన. అది కూడా ఎప్పుడో నేనన్నదే, ఇంకో పిల్ల గురించి. ఆ పిల్ల ఎవరో నాకు ముఖం కూడా గుర్తు రాలేదు. తాను తీసిన గోతిలో తానే పడటం అంటే వినడమే గాని, లోపల ఇంత ఇరుకుగా ఉంటుందని తెలియదు.

చివరికి సంఘ పెద్ద, ఆ తెల్ల మీసాలాయన, మెల్లగా అడిగాడు. "అమ్మా, పేరు చెప్పకపోతే లోపలికి వచ్చింది ఎవరో ఎలా తెలుస్తుంది? నువ్వే జవాబు చెప్పు, నీ మాట వింటాం." వెటకారం లేదురా ఆయనలో. నిజంగానే అడిగాడు. అందరూ నా వైపు చూశారు.

నా నోట మాట రాలేదు. చెప్పడానికి ఏదో ఉంది, గొంతు దాకా వచ్చింది, బయటికి రాలేదు. ఎంతసేపు నిలబడ్డానో. ఎవరో, "చెప్పండి పెద్దక్కా, చెప్పండి" అన్నారు, మంచిగానే. అప్పుడు నాకు పిచ్చుక ఎలా నిలబడిందో తెలిసింది. కన్నీళ్లు వచ్చేశాయి, కూర్చున్నాను.

వచ్చే నెలకి వాయిదా వేశారు. ఈలోగా మా చర్చి స్టూలు నేను లాండ్రీకి ఎత్తుకొచ్చేశాను. దొంగతనమే. దాని మీద ఉతకని దుప్పట్ల మూట పెట్టాను. అడగడానికి వస్తే వాళ్లకి దుప్పట్లు ఇస్తాను.

నా మరదలితో చెప్పు, తను అన్నది నిజమేనని. ఇంకేం చెప్పకు.

అక్క


మా ముందుగది నేల మీద,
శనివారం ఉదయం

అక్కకి,

ఈ ఉత్తరం నేల మీద కూర్చుని రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే సర్దుకో.

పొద్దున గడ్డం గీసుకుంటున్నాను. నీ మరదలు వచ్చి నా మణికట్టు పట్టుకుంది, గోళ్లు దిగేలా. మాట్లాడొద్దని వేలు చూపించింది. సబ్బు నురగతోనే ఆవిడ వెనక నడిచి, ముందుగది తలుపు సందులోంచి చూశాను.

పిచ్చుక ఇంట్లో ఉన్న చెప్పులూ బూట్లూ అన్నీ తెచ్చి గోడ పక్కన వరసగా పెట్టింది. వంటగదిలో పీట ఉందిగా, అది మధ్యలో వేసింది. నా పని బూటు, ఆ ఇనుప ముక్కు ఉన్నది, పీట మీద నిలబెట్టింది. చేతులు వెనక్కి కట్టుకుని వంగి అడిగింది.

"నీ పేరేంటి?"

దాని గొంతు వినడం నాకు ముప్పై నాలుగు రోజుల తర్వాత. లెక్క పెట్టానని ఎవరికీ చెప్పలేదు.

బూటు ఏం మాట్లాడుతుంది? పిల్ల ఆగింది. తొందర లేదు, చాలాసేపే ఆగింది. చెవి పెట్టి వింది. తర్వాత అంది, "పర్లేదు. నీ పేరు నాకు తెలుసులే. వచ్చి కూర్చో."

ఎత్తి జాగ్రత్తగా వరసలో పెట్టింది. తర్వాత వాళ్లమ్మ చెప్పు. "నీ పేరేంటి?" మళ్లీ ఆగడం, మళ్లీ వినడం. "పర్లేదు. నాకు తెలుసులే. వచ్చి కూర్చో." తెగిపోయిన నా పాత చెప్పు కూడా ఉంది, పారేద్దామనుకున్నది. దాన్నీ కూర్చోబెట్టింది, అన్నిటికంటే ముందు వరసలో. ఒక్కదాన్నీ రెండోసారి అడగలేదక్కా.

నీ మరదలు తలుపుకి నుదురు ఆనించి ఏడ్చింది, చప్పుడు లేకుండా. నేనూ ఏడ్చాను, నురగ కళ్లలోకి పోయి మండింది, దేనికి ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. మీ తెల్ల మీసాల పెద్దాయన అడిగినదానికి జవాబు దొరికింది, ఆయనకి పంపు. ఎవరు చెప్పారని అడిగితే, ఇంకా క్లాసులో చేరని పిల్ల అని చెప్పు. మనిద్దరం ఎప్పుడు మొదలుపెట్టాలా అని ఇన్ని కాగితాలు ఖర్చు చేశాం. అది మనల్ని అడక్కుండానే మొదలుపెట్టేసింది.

రేపు చర్చికి వెళ్తామో లేదో తెలియదు. నీ మరదలు వెళ్దామనలేదు. వద్దని కూడా అనలేదు. నేను అడగలేదు, మా ఇంట్లో ప్రశ్నలు లేవుగా.

పనికి టైమైంది. మెల్లగా లోపలికి వెళ్లి, గోడ వైపు చూస్తూ, "నాన్నకి బూట్లు కావాలి" అన్నాను. పిచ్చుక తలెత్తి నా వైపు చూసింది.

"క్లాసు అవుతోంది నాన్నా. మధ్యలో ఎవర్నీ బయటికి పంపను" అంది.

చెప్పులు కూడా క్లాసులోనే ఉన్నాయి. ఫోర్‌మన్‌కి ఫోను చేసి ఈ రోజు రాలేనన్నాను. ఎందుకని అరిచాడు. ఫోను పెట్టేశాను. ముందు వరసలోనే చివర, తెగిన చెప్పుకి ఇవతల, నన్ను కూర్చోమంది. అక్కడి నుంచే రాస్తున్నాను.

తమ్ముడు